శిలువమీది ఖడ్గము



నాగాలాండులోని కోహిమాలో 1944 ఏప్రిల్ నుండి జూన్ వరకు జపాను సేనతో ఘోరయుద్ధము జరిగినది. డిప్యూటీ కమిషనరు బంగళా టెన్నిసు మైదానమునకు ఆవల ఒకరు, ఈవల ఒకరు పొంచి పోరాడిరి. ఆ స్థలమే నేడు యుద్ధ సమాధుల తోట. టెన్నిసు గీతలను తెల్లని కాంక్రీటుతో గుర్తించి యుంచిరి. అచ్చటనే రాతి శిలువ నిలిచియున్నది.

దానిమీద కంచు ఖడ్గమొకటి, మొన క్రిందికి. మొదటి ప్రపంచయుద్ధము పిమ్మట వాస్తుశిల్పి రెజినాల్డ్ బ్లూమ్‌ఫీల్డ్ గీసిన నమూనా యిది. శిలువపై కత్తియేమిటని కొందరి అభ్యంతరము, నాకును ఉండెడిది. గెత్సేమనేలో పేతురుచేత కత్తిని ఒరలో పెట్టించినవాడు మన ప్రభువే గదా! అయితే మొన క్రిందికుండుట పోరు ముగిసెనని చెప్పుచున్నట్లు ఇప్పుడు తోచుచున్నది. పైగా తలక్రిందుగా నున్న ఖడ్గము చూచుటకు మరియొక శిలువయే.

సమాధులలో అధికారికిని సిపాయికిని భేదము లేదు. అందరికి ఒకే తీరు ఫలకము. దహనము చేయబడిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల స్మారకము తోటలోకెల్ల ఎత్తయిన చోట నున్నది. కోహిమా వెళ్లు మన యువజనులు శిలువయొద్దనే ఆగిపోక, అక్కడివరకు ఎక్కి రావలెను.