చూడ్డానికి వచ్చేవాళ్లకు ఏం చూపిద్దాం?

(డోన్‌లో రైతులు, విద్యార్థులు కలిసిన సమావేశంలో రాయలసీమ రాష్ట్ర సాధన కార్యకర్తల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన పల్లెల్ని చూడ్డానికి పరాయి దేశాల వాళ్లు రావడం కొత్తేం కాదు. 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్లపాటు గుడారాలు వేసుకుని ఊరూరా తిరిగాడు. చెరువులెన్ని, బావులెన్ని, ఏ చేను ఎంత పండుతుందని రాయించాడు. చివరికి 1827 జులై 6న ఈ పక్కనే పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు. మంచివాడనే పేరుంది, కాదనం. కానీ ఆయన చూడ్డానికి వచ్చింది శిస్తు తేల్చడానికి. చూసేవాడు ఎందుకు చూస్తున్నాడన్నది మనం మరిచిపోకూడదు.

ఇప్పుడు వచ్చేవాళ్లు పల్లె మళ్లీ ఎట్లా బతుకుతుందో నేర్చుకుంటామని వస్తున్నారు. మంచిదే. రమ్మందాం. అయితే వాళ్లకు మనం ఏం చూపిస్తున్నాం?

నిజంగా చూపించదగ్గది మన దగ్గరే ఒకటి జరిగింది. 1995లో నెదర్లాండ్స్ సాయంతో సన్నకారు రైతులకు బోర్లు వేసే ఏపీవెల్ పథకం వచ్చింది. (నీళ్లు ఎక్కువై గట్లు కట్టుకునే దేశం, నీళ్లు లేని మనకు బోర్లు వేయించడం చూడండి!) బోర్లు వేసుకుంటూ పోతే భూమి అడుగున ఏమీ మిగలదని తొందర్లోనే తెలిసొచ్చింది. దాంతో రైతులే భూగర్భ జలాల లెక్క చూసుకునే పథకం మొదలైంది. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అంటారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండగా నిలిచింది. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరుతోపాటు ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 600 పైచిలుకు పల్లెల్లో నడిచింది.

పని చాలా సులువైంది. ఊళ్లో ఒక వానమాపకం. కొన్ని బోర్లలోకి తాడు దించి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలవడం. ఆ అంకెలు అందరికీ కనబడేట్టు గోడమీద రాయడం. ముంగారు వానలు అయిపోయాక, యాసంగి విత్తనానికి ముందు, ఒకే వంక పరివాహకంలోని ఊళ్లన్నీ కూర్చుని లెక్క తేల్చుకోవడం: ఈ ఏడు భూమిలోకి దిగింది ఇంత, తాగడానికి ఇంత, మిగిలింది ఇంత. వరి వేస్తే ఎన్ని ఎకరాలకు వస్తుంది, శనగ వేస్తే ఎన్ని ఎకరాలకు వస్తుంది? ఎవరినీ ఏ పంట మానమని ఆజ్ఞాపించలేదు. అంకె చూసి ఎవరికి వారే ఆలోచించుకున్నారు. బడి ముఖం చూడని ఆడవాళ్లు కూడా కొలిచి చెప్పారు. 2010లో ప్రపంచ బ్యాంకు తన పుస్తకంలో దీన్ని ప్రపంచానికి ఉదాహరణగా చూపింది.

ఇక్కడితో ఆపితే మన చెవులకు ఇంపుగానే ఉంటుంది. కానీ 2009 తర్వాత పథకం డబ్బు ఆగిపోయింది. 2012లో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ, టాటా కార్యక్రమం పరిశోధకులు మళ్లీ చూసి, ఆ పొగడ్తల్ని కాస్త తగ్గించుకోవాలన్నారు. మేం చూసిన ఒక ఊళ్లో వానమాపకం తుప్పుపట్టి ఉంది. గోడమీది అంకెల మీద ఎన్నికల రాతలు పడ్డాయి. బయటి అతిథులు వస్తున్నారని కబురొస్తే మాత్రం ఆ గోడకు కొత్త సున్నం వేస్తారట! ఈ తప్పు డబ్బిచ్చిన వాళ్లది మాత్రమే కాదు. మనదీ ఉంది. మైకు పట్టుకుంటే టీఎంసీలు లెక్కబెడతాం. మన ఊరి బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయంటే మనలో ఎందరం చెప్పగలం?

ప్రకృతి సాగు చూడ్డానికి కూడా వస్తున్నారు. వాన రాకముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లే పద్ధతి సీమ రైతుకు అక్కరకొచ్చేదే. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ బహుమతిలో ఆ కార్యక్రమానికీ వాటా దక్కింది. సంతోషం. అది వేరే రోజు మాట్లాడుకుందాం.

అసలు విషయం ఇది. వాన నీటికి ఊరు లెక్క రాసుకోగలదు. నది నీటికి రాసుకోలేదు. ఆ పద్దు పుస్తకం మన చేతుల్లో లేదు. 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో సీమకు ముందు వాటా అని రాసుకున్నారు. 1996లో జీవో 69 తెచ్చి శ్రీశైలం కనీస నీటిమట్టాన్ని 834 అడుగులకు దించారు. అంత కిందికి దిగితే పోతిరెడ్డిపాడుకు నీళ్లందవు. 2004లో జీవో 107తో 854 అన్నారు. కాగితం మీద 854 ఉంది. జలాశయంలో ఎన్ని వేసవులు ఉందో మీకే తెలుసు. తుంగభద్ర మీద గుండ్రేవులకు 2019లో ఎన్నికల ముందు ఉత్తర్వు ఇచ్చారు. హంద్రీనీవా నీళ్లు డోన్, పత్తికొండ చెరువులకు ఎక్కించడానికి 2023 సెప్టెంబరులో లక్కసాగరం పంపుహౌస్ ప్రారంభించారు. చెరువులో నీళ్లు నిలిస్తే చుట్టుపక్కల బోర్లు ఊరతాయి. అంటే ఊరి లెక్క, నది లెక్క ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి. రెండో లెక్కలో మాట చెల్లాలంటే రాష్ట్రం కావాలి. మేం అడుగుతున్నది అందుకే.

ఈసారి ఎవరైనా చూడ్డానికి వస్తే కారు దిగగానే పూలమాల వేయొద్దు. మన డోన్ స్టేషన్‌కు తీసుకుపోండి. గుంటూరు, సికింద్రాబాద్, గుంతకల్లు దారులన్నీ ఇక్కడ కలుస్తాయి. సుగ్గికి పోయే కాలంలో ప్లాట్‌ఫారం మీద మూటలు, ముంతలు, చంకలో పిల్లలతో గుంటూరు మిరప చేలకు కదిలే జనాన్ని చూడనివ్వండి. బడి మానిన ఆ పిల్లది ఎన్నో తరగతో అడగమనండి. ఆ తర్వాతే గోడమీద అంకెలు చూపించండి, సున్నం వేయకుండా.

ఈ ముంగారు నుంచి పది ఊళ్లలో మళ్లీ కొలవడం మొదలుపెట్టాలని అనుకున్నాం. ఎవరి డబ్బూ అక్కర్లేదు. ఒక తాడు, ఒక వానమాపకం, గోడమీద రాయడానికి కాస్త రంగు చాలు. ప్రతి ఊరికీ ఇద్దరు కావాలి, అందులో ఒకరు ఆడవాళ్లై ఉండాలి. పేర్లు రాసుకునే పుస్తకం తలుపు దగ్గర బల్లమీద పెట్టాం. పోయేముందు మీ ఊరి పేరు, మీ బోరు లోతు రాసిపొండి.