దవాఖాన నుంచి ఇంటికొచ్చినంక: షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండు
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9 నాడు ఈ వేదిక మీద ఆట, పాట, అడవి హక్కులు మాట్లాడుకోవడం మనకు అలవాటు. హాస్టల్ వార్డెన్లకు మైకు ఇస్తే చదువు గురించి చెప్తారనుకుంటారు. ఈసారి మేము కాళ్ల గురించి మాట్లాడతాం. మేము చేసిన ఒక తప్పు అందుకు కారణం.

మా హాస్టల్లో ఏడో తరగతి చదివే ఒక బిడ్డ దసరా సెలవుల్లో ఇంటి నుంచి ఫోన్ చేసింది. వాళ్ల తాతకు షుగర్. కాలు పుండై, పట్నంల ఒక వేలు తీసేసి, పది రోజుల కింద ఇంటికి పంపారు. "మేడం, తాత మేకల వెంట పోతుండు. నొప్పే లేదంటుండు" అన్నది. "నొప్పి లేదంటే మానుతున్నట్టే బిడ్డా" అని మేము ధైర్యం చెప్పాం. బీఈడీ చదివి, పిల్లలకు జీవశాస్త్రం చెప్పినవాళ్లం అన్న మాట అది. నాలుగు రోజులకు మళ్లీ ఫోన్. "కట్టు వాసనొస్తుంది మేడం." ఈసారి సగం పాదం పోయింది. ప్రాణం దక్కింది.

నొప్పి లేకపోవడమే అక్కడ అసలు ప్రమాదం. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువుంటే కాలి నరాలు మొద్దుబారతాయి. ముల్లు దిగినా, తారురోడ్డు కాల్చినా తెలియదు. మామూలు మనిషి పుండున్న కాలు ఎత్తి కుంటుతడు, ఆ కుంటడమే పుండును కాపాడుతది. ఈ మనిషి కుంటడు. ఒక్కో అడుగుకు ఒంటి బరువంతా పుండు మీదనే పడి, కొత్తగా పుట్టే కండ నలిగిపోతది. పైగా రక్తనాళాలు సన్నబడి ఉంటే మందు కూడా అక్కడికి సరిగ చేరదు. బీడీ, చుట్ట ఆ నాళాలను ఇంకా బిగిస్తాయి. పెద్దలు కోపం చేసుకోవద్దు, ఇది చెప్పక తప్పదు.

దవాఖాన నుంచి బయటపడేటప్పుడు చేతిలో ఒక కాగితం పెడతారు. అది ఇంగ్లీషులో ఉంటది. మంచం దిగక ముందే నర్సమ్మను అడగండి: ఏ గోలీలు ఎన్ని రోజులు, కట్టు ఎన్నిరోజులకోసారి, ఎవరు మార్చాలె, కాలు నేల మీద మోపొచ్చా, మళ్లీ ఎప్పుడు రావాలె. ఆ జవాబులు అదే కాగితం వెనక తెలుగులో రాయించుకోండి. చదువుకునే పిల్ల వెంట ఉంటే ఆమెతోనే రాయించండి. పుండు ఆరినట్టు కనపడ్డదని యాంటీబయాటిక్ గోలీలు మధ్యలో ఆపొద్దు.

కాలు మోపొద్దన్నారంటే మోపొద్దనే. మన ఇళ్లల్లో ఇది అన్నిటికన్నా కష్టం. దొడ్డికి పోవాలన్నా దూరం నడవాలె. అందుకే కర్ర, ప్లాస్టిక్ కుర్చీ, పక్కన ఒక మనిషి కావాలె. కట్టు మార్చే పని ఏఎన్ఎం అక్కకో, పల్లె దవాఖానకో అప్పజెప్పండి. ఇంట్లో మార్చక తప్పకపోతే వాళ్ల దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి, ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. పసరు, పసుపు, బూడిద పెట్టొద్దు. "మన చెంచులు తెచ్చే తేనె పెట్టొచ్చు కదా" అని అడుగుతారు. దవాఖానలో పుండ్లకు తేనె వాడే మాట నిజమే. కాని అది క్రిములు లేకుండా శుద్ధి చేసిన తేనె. తుట్టె నుంచి పిండినది తాగడానికి బాగుంటది, పుండుకు కాదు.

ఎరుపు పాకినా, వాపొచ్చినా, చీము, వాసన, జ్వరం, నలుపు... ఏ ఒక్కటి కనపడ్డా తెల్లారనియ్యొద్దు, అదే రోజు పోవాలె.

ఇన్సులిన్ రాసిస్తే ఇంకో చిక్కు, కరెంటు లేని పెంటల్లో ఫ్రిజ్ ఎక్కడిది? చిన్న కుండలో సీసా పెట్టి, ఆ కుండను పెద్ద కుండలో దించి, మధ్యన ఇసుక పోసి తడుపుతూ ఉంటే చల్లగుంటది. సీసాను నీళ్లల్లో ముంచొద్దు, గడ్డ కట్టనియ్యొద్దు. తెరిచిన తేదీ దాని మీద రాయండి. మామూలుగా నాలుగు వారాలు దాటితే వాడరు. సూది వేసుకుని అన్నం తినకుండా అడవికి పోవద్దు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లల్లో కలిపి తాగించాలె. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయాలె.

తిండి గురించి ఒక్క మాటే. జొన్నరొట్టె తింటే షుగర్ రాదనేది పూర్తి నిజం కాదు. రేషన్ బియ్యమైనా జొన్నలైనా ఎంత తిన్నామన్నదే లెక్క. గంజి, అంబలి కూడా లెక్కలోకే వస్తయి.

పుండు మానిందని ఊపిరి పీల్చుకునే చోటే మళ్లీ మోసపోతం. మానినవాళ్లలో పదిమందికి నలుగురికి ఏడాదిలోపే మళ్లీ పుండు పడుతుందని వైద్యుల లెక్క. అందుకని రోజూ రాత్రి రెండు అరికాళ్లూ, వేళ్ల సందులూ చూడాలె. వంగలేనివాళ్లు అద్దం పెట్టుకుని చూడొచ్చు, మనవరాలిని చూడమనొచ్చు. నీళ్లు మోచేత్తో చూసి పోసుకోవాలె, మొద్దుబారిన కాలికి వేడి తెలియదు. వేళ్ల సందులు తుడవాలె. కొబ్బరినూనె పాదానికి రాయొచ్చు, సందుల్లో వద్దు. ఆనెకాయలు బ్లేడుతో కోసుకోవద్దు. ఇంట్లో కూడా చెప్పులతోనే నడవాలె. మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి మంచివి. పట్టీ ఎందుకంటే, మొద్దుబారిన కాలి నుంచి చెప్పు జారినా మనిషికి తెలియదు. సలేశ్వరం జాతరకు రాళ్లల్లో ఉత్త కాళ్లతో నడుస్తామని మొక్కుకున్న పెద్దలున్నారు. లింగమయ్య చెప్పులకు కోపగించుకోడని మా నమ్మకం. కోపగించుకుంటే ఆ పాపం మా వార్డెన్ల మీద వేయండి.

ఆ తాత సంగతి తర్వాత మేము పిల్లలకు ఒక చిన్న పరీక్ష నేర్పాం. నవంబర్ 14 మనకు బాలల దినోత్సవం, అదే రోజు ప్రపంచ మధుమేహ దినం కూడా. ఆ రోజు నేర్పాం. పెద్దమనిషిని కళ్లు మూసుకోమనాలె. బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు, ఈ మూడింటి కొసలు చూపుడువేలితో మెల్లగా ముట్టాలె. నొక్కొద్దు, గీకొద్దు. రెండు కాళ్లకు కలిపి ఆరు చోట్లు. ముట్టినప్పుడల్లా కుడో ఎడమో చెప్పమనాలె. రెండు చోట్ల గాని, అంతకన్నా ఎక్కువ గాని తెలియకపోతే ఆ కాళ్లు డాక్టరుకు చూపించాలె. పైసా ఖర్చు లేదు. సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు మా పిల్లలు ఇంటింటికి పోయి చేసి, పేర్లు నోటుబుక్కులో రాసుకొచ్చారు. మొద్దుబారిన కాళ్లున్నట్టు అప్పటిదాకా తెలియనివాళ్లు కూడా అందులో ఉన్నారు. ఆ పేర్లు ఏఎన్ఎం అక్కకు ఇచ్చాం.

తాత ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుండు. మేకలు కొడుకు కాస్తుండు. కట్టు విప్పినరోజు మనవరాలే కాలు చూసి మాకు ఫోన్ చేసింది. ఈసారి నొప్పుందా అని మేము అడగలేదు. రంగేంది, వాసనుందా, తడుందా అని అడిగాం.

వెనక వరుసలో మా పిల్లలు ఆరుగురు కూర్చున్నారు. సభ అయినంక షుగర్ ఉన్న పెద్దలు చెప్పులు విప్పి ఆ చెట్టు కింద కుర్చీల్లో కూర్చోండి, వేళ్లు ముట్టి చూస్తారు. ఎవరికీ సిగ్గు వద్దు, కాళ్లకు దుమ్మున్నా పర్లేదు.