641 ముందు ఓడిపోయిన పెద్ద సంఖ్య

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క సంఖ్య గురించి మాట్లాడుకుందాం. 4,29,49,67,297. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ముప్ఫై రెండు రెండ్లను గుణించి, ఒకటి కలిపితే ఇది వస్తుంది.

దీని వెనక పెద్ద కథ ఉంది. రెండుకి ఘాతంగా 1, 2, 4, 8, 16 వేసి, ప్రతిసారీ ఒకటి కలపండి. 3, 5, 17, 257, 65537 వస్తాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఇది చూసి 1640లో ఫ్రాన్స్‌కి చెందిన ఫెర్మా, ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అని నమ్మాడు. నిరూపణ మాత్రం ఇవ్వలేకపోయాడు. తర్వాతి ఘాతం 32. అదే మన సంఖ్య.

మరి పరీక్షించొచ్చు కదా అంటారా? దీని వర్గమూలం దాదాపు 65,536. అంతలోపు 6,542 ప్రధాన సంఖ్యలున్నాయి. అన్నిటితో చేత్తో భాగహారం చెయ్యాలంటే ఎంత ఓపిక కావాలి!

1729లో గోల్డ్‌బాక్ ఈ ప్రశ్నని ఆయిలర్‌కి ఉత్తరంలో రాశాడు. ఆయిలర్ 1732లో జవాబు ప్రకటించాడు: ఈ సంఖ్యని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. భాగఫలం 67,00,417.

641 ఎలా దొరికింది? ఈ సంఖ్యకి ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలి. ఆయిలరే తర్వాత దీన్ని నిరూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. చూశారా, వేలల్లో వెతకాల్సింది అయిదో ప్రయత్నంలోనే దొరికిపోతుంది.

భాగహారం చెయ్యకుండా కూడా సరిచూడొచ్చు. కాగితం, పెన్ను తీసుకోండి. 5ని 2 ఘాతం 7తో, అంటే 128తో గుణిస్తే 640. ఇది 641కి ఒకటి తక్కువ, కాబట్టి శేషం మైనస్ 1 అనుకోవచ్చు. దాన్ని నాలుగో ఘాతానికి తీసుకెళ్తే శేషం ప్లస్ 1. అంటే 625ని 2 ఘాతం 28తో గుణిస్తే శేషం 1. కానీ 625 అంటే 641లోంచి 16 తీసేసినదే, అంటే మైనస్ 2 ఘాతం 4. ఆ 625 స్థానంలో దీన్ని పెట్టండి. మైనస్ 2 ఘాతం 32కి శేషం 1 అని తేలింది. అంటే 2 ఘాతం 32కి ఒకటి కలిపితే శేషం సున్నా. అంతే, అయిపోయింది!

ఆ అయిదింటి తర్వాత ఈ వరసలో ఇంకో ప్రధాన సంఖ్య ఇప్పటిదాకా దొరకలేదు. ఇంకా చిత్రమేంటంటే, 2 ఘాతం 10,48,576కి ఒకటి కలిపితే వచ్చేది ప్రధాన సంఖ్య కాదని తెలుసు. కానీ దాని కారణాంకం ఒక్కటి కూడా ఎవరికీ తెలియదు. "విడిపోతుంది" అని తెలియడం వేరు, విడగొట్టడం వేరు.

అయిదుసార్లు నిజమైంది కదా అని ఆరోసారీ నిజమవ్వాలని లేదు. లెక్కల్లో నిరూపణ అడిగేది అందుకే. పిల్లలుంటే ఈ 641 లెక్క వాళ్ళతో చేయించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.