మధుమేహము – కాళ్ల మంటలు
(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ప్రసంగ పాఠము)



మధుమేహము పట్టణవాసుల వ్యాధియని, కూర్చుండి తినువారి వ్యాధియని ఒకప్పుడు ప్రతీతి. ఆ మాట నేడు చెల్లదు. భారత వైద్య పరిశోధన మండలి వారి పరిశీలన 2023లో ప్రకటింపబడినది. దాని ప్రకారము దేశమున పది కోట్లకు పైగా జనులు ఈ వ్యాధితో నున్నారు. నల్లగొండ, పాలమూరు ప్రాంతముల పల్లెలలోను 'షుగరు' ఇంటింటి మాటయైనది.

ఈ వ్యాధి రక్తముతో ఆగదు. నాడులను సైతము పట్టును. కాలివ్రేళ్లలో తిమ్మిరి, అరికాళ్లలో మంట, సూదులు గ్రుచ్చినట్లు పోట్లు, రాత్రివేళ దుప్పటి తగిలినను ఓర్వలేని బాధ దీని లక్షణములు. ప్రమేహము రానున్నదని తెలుపు గుర్తులలో అరచేతుల మంటను, అరికాళ్ల మంటను చరక సుశ్రుతులు ఏనాడో పేర్కొనిరి. మంట కలిగినవాడు వైద్యుని వెదకును. స్పర్శ పోయినవాడు మాత్రము బాధ లేదని ఊరకుండును. అట్టివాడు చెప్పులు లేక చెలకలో నడచినపుడు తుమ్మముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. పుండు పడి, చీము పట్టి, తుదకు కాలు తీయవలసి వచ్చుటయు కలదు.

నాడులు చెడుటకు కారణమేమి? రక్తమున చక్కెర మితిమీరినపుడు కణములలోని మైటోకాండ్రియా యను శక్తిగృహములయందు ప్రాణవాయువు నుండి తీవ్రమైన ఉపోత్పత్తులు అధికముగా పుట్టును. ఇనుమును తుప్పు తినునట్లు అవి నాడులను, నాడులకు రక్తమందించు సన్నని నాళములను చెఱచును. అమెరికా శాస్త్రజ్ఞుడు మైకేల్ బ్రౌన్లీ 2001లో ఈ సిద్ధాంతమును విపులముగా ప్రతిపాదించెను. ఈ తుప్పును అడ్డగించు పదార్థములకే యాంటీ ఆక్సిడెంట్లని పేరు.

అట్టి గుణము గల వస్తువులు ఈ నేలకు క్రొత్తవి కావు. తంగేడు పూవు లేనిదే బతుకమ్మ లేదు. ఆ పూవును మధుమేహమునకు వాడుట పూర్వమునుండి కలదు. తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయమువారు మధుమేహము కలిగించిన ఎలుకలకు తంగేడు పూల సారము నిచ్చి, రక్తమున చక్కెర తగ్గుటను 2002లోను, మెదడునందు ఆక్సీకరణ హాని తగ్గుటను 2003లోను ప్రకటించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు పసుపు కలిపిన ఆహారము మధుమేహపు ఎలుకల కంటి శుక్లమును ఆలస్యము చేయునని 2005లో చూపిరి. ఇవి ఆశ గొలుపు ఫలితములే. అయినను ఎలుకయందు కనబడిన మేలు మనుష్యుని నాడులయందును కలుగునని చెప్పుటకు అవి చాలవు.

మనుష్యులపై ఎక్కువగా పరీక్షింపబడినది ఆల్ఫా లిపోయిక్ ఆమ్లము. 1951లో అమెరికాలో లెస్టర్ రీడ్ బృందమువారు దీనిని పశువుల కాలేయమునుండి వేరుచేసిరి. 2006లో ప్రకటింపబడిన యొక పరీక్షలో 181 మంది రోగులు పాల్గొనిరి. దినమునకు 600 మిల్లీగ్రాముల మాత్ర అయిదు వారములు వాడినవారికి మంటలు, పోట్లు కొంత ఉపశమించినవి. మోతాదు పెంచినకొలది వికారము హెచ్చెనే గాని మేలు హెచ్చలేదు. 460 మందిని నాలుగేండ్లు పరిశీలించిన మఱియొక పరీక్ష ఫలితము 2011లో వెలువడినది. దానిలో ముఖ్య లక్ష్యము నెరవేరలేదు. పరీక్షల నన్నిటిని తూచిన కాక్రేన్ సమీక్ష 2024లో, ఆరు నెలల పిదప ఈ మందువలన లక్షణములయందు చెప్పదగిన మార్పు బహుశః ఉండదని తేల్చినది. కావున ఈ మాత్ర కొందఱికి కొంతకాలము ఊరట నీయవచ్చును. చెడిన నాడిని బాగుచేయునని నమ్మి, అప్పు చేసి కొనదగినది కాదు. దీనిని నమ్మి ఇన్సులినును గాని, చక్కెర మాత్రలను గాని మానుట మహాప్రమాదము.

అరికాళ్ల తిమ్మిరి అంతయు మధుమేహమువలననే కలుగదు. మెట్ఫార్మిన్ మాత్రను ఏండ్లతరబడి వాడువారికి బి12 విటమిను తగ్గి నాడులు దెబ్బతినవచ్చును. రక్తపరీక్షతో అది తెలియును, చికిత్సతో కుదురును. నల్లగొండ సీమలో ఫ్లోరైడు నీరు త్రాగినవారికి వెన్నెముక గట్టిపడి, ఎముక పెరిగి, నాడులు నొక్కుకొని కాళ్లు మొద్దుబారును. ఈ జిల్లా ఫ్లోరోసిస్ వ్యాధినిగూర్చి డాక్టరు సిద్దిఖీ వ్రాసిన వ్యాసము 1955లోనే బ్రిటిషు వైద్య పత్రికలో వెలువడినది. కావున త్రాగిన నీటినిగూర్చియు, వాడుచున్న మందులనుగూర్చియు వైద్యునకు విన్నవింపవలెను.

చక్కెరను అదుపున నుంచుటయే నాడులకు ప్రథమ రక్ష. చిన్ననాటనే ఇన్సులిను అవసరమగు మధుమేహమున, చక్కెరను గట్టిగా అదుపుచేసినచో నాడీవ్యాధి సుమారు 60 శాతము తగ్గునని 1993లో అమెరికా పరిశోధన నిరూపించినది. పెద్దవయసున వచ్చు మధుమేహమున ఆ మేలు కొంత తక్కువైనను, అదుపు తప్పనిసరియే. మంటలను తగ్గించుటకు అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రిగాబలిన్ మున్నగు మందులు కలవు. వైద్యుని సలహాపైననే వానిని వాడవలెను. ఉసిరిక, ఆకుకూరలు, పసుపు భోజనమునందు మంచివి. వానిని మందునకు బదులుగా నెంచరాదు.

మధుమేహము గలవారు ప్రతిరాత్రి దీపపు వెలుతురున అరికాళ్లను, వ్రేళ్ల సందులను చూచుకొనవలెను. చూపు ఆననిచో ఇంటివారు చూడవలెను. వట్టికాళ్లతో నడవరాదు. కాళ్లు చల్లగా నున్నవని నిప్పుసెగ కాచుకొనరాదు. ఏడాదికొకమాఱు వైద్యునిచేత పాదముల స్పర్శ పరీక్ష చేయించుకొనవలెను. పుండు చిన్నదైనను నాటుపూతలతో కాలము గడపక ఆసుపత్రికి పోవలెను.

అక్షరము వచ్చినవారు ఈ గ్రంథాలయమునందు చదివిన నాలుగు మంచి మాటలను అక్షరము రాని పెద్దలకు ఇంటివద్ద వినిపించినచో, ఊరిలో కొందఱి కాళ్లయినను నిలుచును. ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!