ఒక్క చేను, నాలుగు రాతలు



తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మూడు రోజుల నుంచి మీరు ఇక్కడ కథ, పాట, నాటిక, వ్యాసం అని ఒక్కొక్కటి నేర్చుకుంటున్నరు. నిన్న ఒక చెల్లె అడిగింది: "అన్నా, ఇవన్నీ ఎందుకు? ఏదో ఒకటి మంచిగ వస్తే చాలదా?" చాలదు. ఎందుకు చాలదో మా ఇంటి సంగతితోనే చెప్తా.

మా చేను అడవి అంచున ఉంటది. నేను డిగ్రీ చదివేటప్పుడు ఒకరోజు జేసీబీ తెచ్చి చేను నడుమ నుంచి కందకం తవ్విన్రు. అప్పటికి జొన్న మోకాలెత్తు ఉంది. ఇంట్లో రాయొచ్చేది నాకొక్కనికే. ఆ రాత్రి మూడు పేజీల దరఖాస్తు రాసిన. అడవి తల్లి, కన్నీళ్లు, తరతరాల అన్యాయం, అన్నీ పెట్టిన. ఆఫీసులో ఒకాయన చదివి, "బాగనే రాసినవ్. ఎన్ని ఎకరాలు? ఎప్పటి నుంచి దున్నుతున్నరు? సాక్షి ఎవరు?" అన్నడు. ఆ మూడూ నా కాగితంలో లేవు. దాన్ని తిరిగి నా చేతిలోనే పెట్టిండు.

నాకు కోపం వచ్చింది. కానీ తప్పు నాదే. దరఖాస్తు రాయాల్సిన చోట నేను కవిత రాసిన.

దరఖాస్తుకు కన్నీళ్లు అక్కర్లేదు. పేరు, ఊరు, విస్తీర్ణం, హద్దులు, తేదీ కావాలె. 2006 అటవీ హక్కుల చట్టం కింద దావా వేస్తే, 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి ఆ భూమి మన చేతిలో ఉందని చూపాలె. అందుకు రెండు రకాల సాక్ష్యాలైనా పెట్టాలె. గ్రామసభ తీర్మానం మనకు వ్యతిరేకంగా వస్తే, 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. ఆ 60 రోజులు మన బాధ తగ్గేదాకా ఆగవు.

ఆ నిబంధనల్లో 13వది చదివినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. దావా వేసినోళ్లు కాకుండా ఊళ్లో వేరే పెద్దలు చెప్పింది రాసి పెడితే, అదీ సాక్ష్యమేనని అందులో ఉంది. మా తాత ఆ చేను కొట్టింది కళ్లారా చూసిన ముసలాయన అప్పుడు మా గూడెంల ఉండె. పోయి రాసుకోవాలె అనుకుంటనే ఉన్న. పరీక్షలన్న, పండుగన్న, వానలన్న. ఆ ఎండాకాలం ఆయన పోయిండు. ఆయన చూసింది ఆయనతోనే మట్టిల కలిసింది. నా మూడు పేజీల కవిత మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అందుకే పెద్దల మాట రాయడం కూడా ఒక ప్రక్రియే అంటున్న. దానికీ పనితనం కావాలె. "ఏ సంవత్సరం?" అని అడిగితే మన ముసలోళ్లు చెప్పలేరు. "ఇంద్రవెల్లి కాల్పులప్పటికి ఈ చేను ఉందా?" అని అడుగు. ఉందంటే 1981 కంటే ముందే అన్నట్టు. ఆయన అన్నది అన్నట్టే రాయి, నీ మాటలు కలపకు. మళ్లీ చదివి వినిపించు. వేలిముద్ర తీసుకో.

మరి కథ ఎందుకు? దరఖాస్తులో పట్టనిది ఒకటి మిగిలిపోతది కాబట్టి. కందకం తవ్విన మరునాడు మా అవ్వ ఆ మట్టికుప్పలో కూర్చొని విరిగిన జొన్న మొక్కల్ని ఒక్కొక్కటే ఏరింది. అవి మళ్లీ బతకవని ఆమెకు తెలుసు. ఏ ఫారంలోనూ దానికి గడి లేదు. అది కథకే దక్కుతది. అక్కడ "అన్యాయం" అనే మాట రాయకు, అవ్వ చేతుల్ని చూపించు.

పాట సంగతి వేరే. చదువు రానోళ్లు కూడా ఒక్కసారి విని పట్టుకునేటట్టు ఉండాలె. పల్లవి చిన్నగుండాలె. మన ప్రధానులు కిక్రి వాయించుకుంట రాత్రంతా దేవతల కథ చెప్తరు, చేతిల కాగితం ఉండదు. పాట రాసేటోడు ముందుగాల వాళ్ల దగ్గర కూర్చోవాలె.

నాటికల అయితే బీట్ ఆఫీసర్‌కూ మాటలు రాయాలె. ఆయన కూడా పైనోళ్లు చెప్పింది చేసిండు, ఆయనకూ ఇంట్ల పిల్లలున్నరు. ఆయన్ని ఉత్త రాక్షసుని చేస్తే చూసేటోళ్లు నవ్వి పోతరు. ఆయన వాదన గట్టిగ రాస్తేనే మన జవాబు గట్టిగ వస్తది.

చివరగా భాష. బడిల గోండిల మాట్లాడినందుకు నేను బెంచీ మీద నిలబడ్డ. చాన్నాళ్లు నా భాష రాతకు పనికిరాదనే అనుకున్న. మన నార్నూర్ దిక్కు గుంజాలలో దొరికిన పాత రాతప్రతులు అది అబద్ధమని చూపించినయి. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లోకీ ఎక్కింది. ముందు నీకు ఏ భాషల కలొస్తదో ఆ భాషల రాయి. ఆఫీసుకు తెలుగుల రాయి. రెండూ నీవే.

ఇయ్యాల ఇంటికి పోయినంక కొత్త కవిత మొదలుపెట్టకండి. మీ గూడెంల అందరికంటే పెద్ద మనిషి దగ్గరికి పోయి కూర్చోండి. ఒక్క పేజీ రాసుకోండి. నేను ఆలస్యం చేసిన. మీరు చేయొద్దు.

జై సేవా!