ఊహలను రాసిపెట్టండి

న్యూక్లియర్ మెడిసిన్, మెడికల్ ఫిజిక్స్ పట్టాలు అందుకుంటున్న మీకు మనసారా అభినందనలు.

ఇకపై పెట్ స్కాన్లు మీ చేతుల మీదుగా వెళ్తాయి. గ్లూకోజును పోలిన రేడియోధార్మిక ట్రేసర్ ఎఫ్‌డీజీని ఎక్కించి సుమారు గంట తర్వాత తీసే బొమ్మ, ట్రేసర్ ఎక్కడ ఎంత చేరిందో చూపుతుంది. ఏ వేగంతో చేరిందో చెప్పదు. చెరువు నీటిమట్టం ఒక్కటే చూసి వాగు ఎంత తెచ్చిందో, తూము ఎంత వదిలిందో చెప్పగలమా? ఆ రాకపోకల లెక్క కోసమే సూది వేసిన క్షణం నుంచి వరుసగా బొమ్మలు తీస్తాం, రక్తంలో ట్రేసర్ ఎంతుందో కొలుస్తాం. రక్తం నుంచి కణజాలంలోకి వెళ్లే వేగానికి కె1, వెనక్కి వచ్చే వేగానికి కె2 గుర్తులు. హెక్సోకైనేజ్ అనే ఎంజైము ఫాస్ఫేటు తగిలించి ట్రేసర్‌ను కణంలోనే బంధించే వేగం కె3.

ఈ లెక్కకు పునాది వేసింది అమెరికాలో లూయీ సోకొలాఫ్ బృందం. కార్బన్-14 ఉన్న డీఆక్సీగ్లూకోజుతో ఎలుకల మెదడుపై చేసిన పనిని 1977లో ప్రకటించింది. సమీకరణం కన్నా నాకు గొప్పగా తోచేది, అది ఏ ఊహల మీద నిలబడిందో వాళ్లు దాచకుండా చెప్పడం. ప్రయోగం సాగినంతసేపూ గ్లూకోజు వినియోగం నిలకడగా ఉంటుందనీ, బంధించిన ట్రేసర్ తిరిగి విడుదల కాదనీ అనుకున్నారు. రాసి ఉంది కాబట్టే తర్వాతివారు పరీక్షించగలిగారు. మైకేల్ ఫెల్ప్స్, హువాంగ్ తదితరులు 1979లో మనిషి మెదడుకు ఆ లెక్క కడుతూ, విడుదలయ్యే కొద్దిపాటి ట్రేసర్ కోసం కె4ను చేర్చారు. కాలేయంలోనైతే ఆ విడుదలను అసలు విస్మరించలేం.

ట్రేసర్ ఎంత చేరిందో చెప్పడానికి మీరు రోజూ రాసే ఎస్‌యూవీ అంకెలోనూ ఊహలున్నాయి. ఇచ్చిన మోతాదు, శరీర బరువు అందులో లెక్కకొస్తాయి. ఆ పూట రక్తంలో ఉన్న చక్కెర మామూలుగా రాదు. చక్కెర పెరిగితే అది ఎఫ్‌డీజీతో పోటీపడుతుంది, కణితి మసకబారుతుంది. మందు పనిచేసిందని మనం పొరబడితే, ఆ పొరపాటు ఖరీదు రోగి చెల్లిస్తాడు.

అందుకే సూదికీ స్కాన్‌కీ మధ్య వ్యవధి, చక్కెర స్థాయి, లెక్కకు వాడిన మోడల్ మీ నివేదికలో తప్పక రాయండి. ఏది కొలిచారో, ఏది అనుకున్నారో విడివిడిగా చెప్పండి. మీ తర్వాత వచ్చేవారు మిమ్మల్ని సరిదిద్దగలిగేలా పనిచేయండి. మీ సంతకాన్ని నమ్మి చికిత్సకు సిద్ధపడే మనిషికి మీరు ఇవ్వగల గౌరవం అదే.