మార్కులు లేని పని
(మన సమాజ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

ఈ గడ్డపై పెరిగి, ఇంటిలో తెలుగు విని, బడిలో ఇంగ్లీషు, అరబ్బీ నేర్చి, నేడు ముందు వరుసలలో కూర్చున్న యువతీ యువకులకు నా ఆశీస్సులు. ఈ ప్రసంగం ప్రధానంగా మీ కొరకే.

వైద్యురాలిని గనుక ఆరోగ్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ఉప్పు తగ్గించండి, నడవండి, వేళకు నిద్రపోండి అని చెప్పి ముగించవచ్చును. అవి మీకు తెలిసినవే. తెలిసియుండియు మనము ఎందుకు చేయము? ఆ ప్రశ్నకు సమాధానం ఇతరుల జీవితాలలో వెదకుట కంటే నా జీవితంలో చూపుట న్యాయమని తోచింది.

నేను నివసించేది ఇంటర్నేషనల్ సిటీలో. దేశాల పేర్లు పెట్టుకొన్న క్లస్టర్ల ఊరు అది. స్పెయిన్‌లో నిద్ర లేచి, మొరాకోలో పాలు కొని, పర్షియాలో ఒక వృద్ధురాలిని పరామర్శించి, రాత్రికి డ్రాగన్ మార్ట్ దీపాలను చూస్తూ ఇల్లు చేరుకొంటాను. ఒక్క దినంలో ఇన్ని దేశాలు తిరిగే నేను, నా ఇంటి అలమరా పై అరలోని శ్రుతిపెట్టెను మాత్రం ఏళ్ళ తరబడి క్రిందికి దించలేదు. నేను ఈ దేశానికి బయలుదేరిన నాడు మా అమ్మ నా సామానులో పెట్టిన వస్తువు అది.

చిన్ననాట నేను పదేళ్ళు సంగీతం నేర్చుకొన్నాను. ఇంటర్మీడియట్ చదువుతున్నప్పుడు ఒక పోటీలో నాకు బహుమతి రాలేదు. ఆ తరువాత ఎంట్రన్సు పరీక్ష. అందులో ర్యాంకు వచ్చింది. ర్యాంకు వచ్చిన పనిని పట్టుకొన్నాను, బహుమతి రాని పనిని విడిచిపెట్టాను. ఆ నిర్ణయంలో తప్పున్నదని అప్పుడు ఎవరికీ తోచలేదు, నాకును తోచలేదు.

నేను చదివినది కర్నూలు వైద్య కళాశాలలో. ఒకప్పుడు అక్కడ వైద్యశాస్త్రం బోధించిన ఆచార్యులలో డాక్టర్ శ్రీపాద పినాకపాణిగారు ఒకరు. కర్ణాటక సంగీతంలో నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటి విద్వాంసులకు వారు గురువులు. 1983లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదమును, 1984లో పద్మభూషణ్ పురస్కారమును అందుకొన్నారు. తొంభై తొమ్మిదేళ్ళు జీవించి 2013లో పరమపదించారు. కచేరీ గాయకులుగా కంటే గురువులుగానే వారి ప్రసిద్ధి అధికము. రోగులను చూచిన చేతితోనే కీర్తనలకు స్వరలిపి వ్రాసి గ్రంథస్థం చేశారు.

మేము విద్యార్థులుగా ఉన్న నాటికి వారు పదవీ విరమణ చేసి చాలా కాలమైనది. ఊరిలోనే ఉండేవారు. వైద్యమూ సంగీతమూ ఒకే జీవితంలో ఇముడుతాయని వారిని చూచి నేను నేర్చుకొనవలసియుండెను. నేను నేర్చుకొన్నది వేరు. అంత గొప్పగా రాకపోతే పాడకుండుటే మేలని అనుకొన్నాను. శిఖరాన్ని చూచి కొండ ఎక్కుట మానుకొన్న తెలివితక్కువతనం నాది.

దుబాయి వచ్చిన పిదప ఉద్యోగం, సంసారం, పిల్లల చదువులు. ఖాళీ దొరికినప్పుడు పాడుదును అనుకొనేదానిని. ఖాళీ అనునది దొరికే వస్తువు కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

2020లో మా అమ్మ మంచమెక్కింది. విమానాలు ఆగిపోయాయి. ఇక్కడ మాకు ఆసుపత్రిలో ఊపిరి సలపని రోజులు. ఒకనాటి రాత్రి వీడియోలో మాట్లాడుతూ, "మన మంగళహారతి పాట ఒక్కసారి పాడమ్మా, విని చాలా కాలమైంది" అని అమ్మ అడిగింది. నేను అలసిపోయి ఉన్నాను. "గొంతు బాగాలేదమ్మా, తరువాత పాడతాను" అన్నాను. నా గొంతు బాగానే ఉన్నది. బాగా పాడలేనేమోనన్న సిగ్గే అడ్డు వచ్చింది. అమ్మ మరేమీ అనలేదు. పన్నెండు రోజులకు వెళ్ళిపోయింది.

రాకపోకలు మొదలైన తరువాత ఇంటికి వెళ్ళాను. అమ్మ హారతి పాటల పుస్తకం దొరికింది. ముందు పేజీలలో పాటలు, వెనుక పేజీలలో పాలవాని లెక్కలు. అమ్మకు ఏ బహుమతీ రాలేదు. స్వరం ఒక్కొక్కప్పుడు తప్పేది కూడా. అయినను ప్రతి శుక్రవారం పాడింది, పాలలెక్క వ్రాసినంత సహజంగా పాడింది.

ఆ మరుసటి ఏడాది ఒకనాడు మా నర్సు సరదాకు నా చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూచింది. 178/106. అధిక రక్తపోటుకు తరచుగా ఏ లక్షణమూ ఉండదని, అందుచేత తప్పక చూపించుకొనవలెనని రోజూ పదిమందికి చెప్పే నేను, మూడేళ్ళుగా నాది చూచుకొనలేదు. నన్ను నేను పట్టించుకొనుట స్వార్థమని, ఇతరులకు మిగిలిన తరువాతే నాకని ఎక్కడో నమ్మియుంటిని. పాటను వాయిదా వేసిన బుద్ధియే పరీక్షనూ వాయిదా వేసింది.

మాత్రలు మొదలుపెట్టాను. పాట మొదలుకావడానికి మాత్రం మరొకరు కారకులైనారు. జగిత్యాల ప్రాంతం నుండి వచ్చి, చైనా క్లస్టరులో ఎనిమిదిమందితో ఒకే గదిలో ఉండే ఒక అన్న నా వద్దకు చికిత్సకు వచ్చేవారు. ఒకసారి గొంతు బొంగురుపోయి వచ్చారు. కారణమేమని అడిగితే, శనివారం రాత్రులు గదిలో భజన చేస్తామని, తాళాలు లేక పళ్ళేలు వాయిస్తామని చెప్పారు. "బాగా పాడతారా?" అని అడిగాను. ఆయన నవ్వి, "మా రూములో ఎవ్వలికీ మంచిగ పాడరాదు మేడం. గందుకే అందరం పాడుతం" అన్నారు.

ఆ రాత్రి శ్రుతిపెట్టెను క్రిందికి దించాను. మొదటి పాఠమైన సరళీ స్వరాల నుండి మొదలుపెట్టాను. గొంతు పలకలేదు. మరునాడు కూడా పలకలేదు. రోజుకు పదిహేను నిమిషాలు, తలుపు వేసుకొని, ఎవరికీ వినిపించకుండా పాడుకొన్నాను. నేటికిని నా పాట గొప్పది కాదు. అయితే ఆ పదిహేను నిమిషాలు నేను ఎవరి వైద్యురాలినీ కాను.

వైద్యురాలిగా ఒక హెచ్చరిక. పాట వలన మాత్రలు మానవచ్చునని నేను చెప్పుట లేదు. నేటికిని నేను మాత్రలు వేసుకొనుచున్నాను. అయితే కళలకు ఆరోగ్యముతో గల సంబంధంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో మూడు వేలకు పైగా అధ్యయనాలను సమీక్షించి నివేదిక ప్రచురించింది. వ్యాధి నివారణలోను, చికిత్సలోను కళలకు పాత్ర ఉన్నదని ఆ నివేదిక సారాంశము. అదే సంవత్సరం ఆ సంస్థ, పనిలో ఎడతెగని ఒత్తిడి వలన కలిగే నిస్సత్తువను వ్యాధుల వర్గీకరణ గ్రంథంలో వృత్తిసంబంధమైన స్థితిగా నిర్వచించింది. ఒంట్లో శక్తి ఉడుగుట, పనిపై విముఖత, చేసిన పని ఫలించదన్న భావన దాని మూడు లక్షణాలు. మన గీతాచార్యుడు ఆరవ అధ్యాయంలో ఆహారముతో పాటు విహారమును, కర్మతో పాటు నిద్రను మితముగా, యుక్తముగా ఉంచుకొమ్మన్నాడు. విహారమును ఆహారము సరసనే నిలిపినాడు. మనము దానిని మిగులు పద్దులో వేసినాము.

యువతీ యువకులారా! మీ బాల్యమంతా మార్కులతో గడిచింది. నాట్యానికి అరంగేట్రం, శ్లోకానికి పోటీ, బొమ్మకు సర్టిఫికెట్టు. అవి వద్దని నేననను. వాటితో పాటు మార్కులు లేని పని ఒకటి ఉంచుకొనుడు. ముగ్గు కానిండు, తెలుగులో నాలుగు వాక్యాలు వ్రాయుట కానిండు, అమ్మమ్మ చేసిన పులిహోరను చేయబూనుట కానిండు. సరిగా రాకపోయినను చేయుడు. ఎవరికీ చూపకుండ చేయుడు. ఏడాదికొకసారి రక్తపోటు చూపించుకొనుడు. మీ పెద్దలు ఫోనులో ఒక పాట అడిగితే, గొంతు ఎట్లున్నను ఆ క్షణముననే పాడుడు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. బిడ్డ ఒంటరిగా ఏదో గీసుకొంటూ, పాడుకొంటూ ఉంటే వెంటనే వీడియో తీయకండి. తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి.

నేడు సభ ముగిసిన తరువాత స్వామివారికి హారతి ఇచ్చే వేళ మా అమ్మ పుస్తకంలోని పాటను పాడతానని కార్యదర్శిగారికి మాట ఇచ్చాను. స్వరం తప్పవచ్చును. పాట తెలిసినవారు గొంతు కలపండి, తెలియనివారు చప్పట్లతో తాళం వేయండి.